24 గంటల అడ్వెంచర్ రేసు: నలుగురి టీం తయారీ డైరీ

పని: ఫిబ్రవరి చివర్లో ఉన్న 24 గంటల రేసుకి నలుగురి మిక్స్‌డ్ టీంని సిద్ధం చేయడం. కొండల్లో నడక, పరుగు, మౌంటెన్ బైక్, కయాక్, మధ్యలో ఒక చోట తాళ్ల మీద దిగడం. దారి పొడవునా గుర్తులు కట్టి ఉండవు. మ్యాపు మీద చెక్‌పాయింట్లు ఇస్తారు, వాటి మధ్య దారి మనమే వెతుక్కోవాలి. జీపీఎస్ వాచీ, ఫోను వాడకూడదు. నలుగురూ ఒకరికొకరు 100 మీటర్ల లోపే ఉండాలి, చెక్‌పాయింటు దగ్గర నలుగురూ కనిపించాలి. ఒక్కరు మానేసినా టీంకి ర్యాంకు ఉండదు.

1989లో ఫ్రెంచి జర్నలిస్టు జెరార్ ఫ్యూసిల్ న్యూజిలాండ్‌లో మొదటి రెయిడ్ గొలువాజ్ అడ్వెంచర్ రేసు నిర్వహించినప్పుడు టీంకి ఐదుగురు, అందులో కనీసం ఒక మహిళ ఉండాలన్నారు. ఇప్పుడు పెద్ద రేసుల్లో నలుగురే. కలిసి బయల్దేరాలి, కలిసి చేరాలి అన్న మాట మాత్రం అప్పటినుంచీ మారలేదు. ఈ డైరీలో ప్రతి నిర్ణయానికీ మూలం అదే. నలుగురిలో వేగంగా వెళ్లేవాళ్ల టైం మనకి పనికిరాదు.

శిక్షణ స్థలాలు: వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలు, కోట్‌పల్లి రిజర్వాయరు, భువనగిరి గుట్ట.

వారం 1. ఆగిన నిమిషాల పద్దు

మొదటి ట్రయల్: 14 కి.మీ. నడక, 38 కి.మీ. సైకిలు, 5 కి.మీ. కయాక్. జీపీఎస్ లాగర్‌ని (ఎక్కడ ఎంతసేపు ఉన్నామో రాసుకునే పరికరం) కవర్లో పెట్టి, టేపు వేసి, బ్యాగు అడుగున పడేశాం. ఇంటికొచ్చాకే తెరవాలన్నది నియమం.

మొత్తం పట్టిన సమయం 6 గంటల 40 నిమిషాలు. కదిలింది 4 గంటల 52 నిమిషాలే. 108 నిమిషాలు ఒకచోట నిలబడి ఉన్నాం. అందులో మ్యాపు చూడ్డానికి 34, రెండు ట్రాన్సిషన్లకి (ఒక విభాగం నుంచి ఇంకోదానికి మారేచోట) 41, పంక్చరుకి 17, తిండి, షూ లేసులు, జాకెట్లు వగైరాకి 16.

ఆ 108 నిమిషాలని పరుగు వేగం పెంచి రాబట్టాలంటే ఏడాది సాధన కావాలి. నిలబడటం తగ్గించడానికి పన్నెండు వారాలు చాలు. అందుకని పరుగు ప్లాను ఉన్నది ఉన్నట్టే ఉంచి, ప్రతి వారం పద్దులో ఒక ఖర్చు మీద పడాలని నిర్ణయించాం.

వారం 2, 3. మ్యాపు, కంపాస్

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీటు వాడుతున్నాం. 2 సెం.మీ. అంటే 1 కి.మీ. మా షీటులో కాంటూరు (ఒకే ఎత్తుని కలిపే గీత) అంతరం 20 మీటర్లు. మొదటి తప్పు ప్రింటింగ్ షాపులోనే జరిగింది. పీడీఎఫ్‌ని కాగితానికి సరిపడేలా కుదించి 94 శాతం సైజులో తీశారు. స్కేలుతో 6 సెం.మీ. కొలిచి 3 కి.మీ. అనుకున్నది నేల మీద 3.19 కి.మీ. అయింది. మలుపు రావాల్సిన చోట రాలేదని వెనక్కి తిరిగాం, మలుపేమో ఇంకో 190 మీటర్ల ముందుంది. ఇకమీదట షాపులోనే మ్యాపు కింద ఉన్న స్కేలు గీతని రూలరుతో కొలిచి, సరిపోతేనే డబ్బులు. మెరిసే లామినేషన్ వద్దు, తల లైటు పడితే గీతలు కనపడవు, మడత కూడా పడదు. మ్యాట్ కాంటాక్ట్ ఫిల్మ్ రెండు వైపులా అంటిస్తే రెండూ తీరాయి.

రెండో తప్పు దొరకడానికి రెండు రోజులు పట్టింది. నావిగేటర్ (మ్యాపు చూసి దారి చెప్పే మనిషి) పట్టే బేరింగు, అంటే కంపాస్ మీద వెళ్లాల్సిన దిశ, ప్రతిసారీ ఒకే పక్కకి పోతోంది. మనిషి మారినా అంతే. చివరికి దొరికింది: నీళ్ల బ్యాగు గొట్టాన్ని ఛాతీ పట్టీకి అంటించే అయస్కాంతం క్లిప్పు. కంపాస్‌ని నేల మీద పెట్టి క్లిప్పుని మెల్లగా దగ్గరికి తెస్తే, జానెడు దూరం నుంచే ముల్లు కదలడం కనిపించింది. ఇంకా దగ్గరికి తెస్తే ముల్లు ఉత్తరాన్ని వదిలేసి క్లిప్పు వైపే తిరిగింది. కంపాస్‌ని ఛాతీ ముందు పట్టుకునే కదా చూస్తాం. ఐదు డిగ్రీల తేడా అంటే కిలోమీటరుకి 87 మీటర్లు పక్కకి పోయినట్టు. నలుగురి క్లిప్పులూ పీకేసి వెల్క్రో కుట్టించాం. తల లైటు బ్యాటరీ, ఫోను కవరు అయస్కాంతం కూడా ఇదే పని చేస్తాయి.

అయస్కాంత ఉత్తరానికీ నిజ ఉత్తరానికీ తేడా హైదరాబాద్ ప్రాంతంలో ఒక డిగ్రీ దరిదాపుల్లోనే ఉంటుంది, వదిలేయొచ్చు. న్యూజిలాండ్‌లో ఇది 20 డిగ్రీలు దాటుతుంది. అక్కడ రేసు చేసేవాళ్లు సవరణ మర్చిపోతే మొదటి కిలోమీటరులోనే గల్లంతు.

అడుగుల లెక్క: టేపుతో 100 మీటర్లు కొలిచి, ఎడమ కాలు నేల తాకిన ప్రతిసారీ ఒకటి లెక్కపెడితే చదును మీద నలుగురికీ 62 నుంచి 68 మధ్య వచ్చింది. తుప్పల్లో, ఎత్తు మీద 80 దాటింది. ఎవరి లెక్క వాళ్లదే, అరువు పనికిరాదు. నావిగేటర్ లెక్కపెట్టకూడదు. ఇంకొకరు లెక్కపెట్టి ప్రతి వందకీ తాడు మీద ఒక పూస జరపాలి.

అనంతగిరి పైభాగం ఎర్రమట్టి పీఠభూమి. కాంటూర్లు దూరదూరంగా ఉంటాయి, ఎటు చూసినా ఒకటే అడవి. ఇలాంటిచోట గురి సూటిగా పెడితే నష్టం. ఉదాహరణకి 1.5 కి.మీ. దూరంలో రోడ్డు మీద ఒక కల్వర్టు చేరాలి. సూటిగా వెళ్లి రోడ్డెక్కితే కల్వర్టు కుడినుందా ఎడమనుందా తెలియదు. కావాలనే 6 డిగ్రీలు ఎడమకి పెట్టుకుంటే రోడ్డు తగిలేసరికి కల్వర్టుకి దాదాపు 160 మీటర్ల ఎడమన ఉంటాం. ఇక ఆలోచన లేకుండా కుడికి తిరగడమే.

మన నేల మీద మ్యాపులో దేన్ని నమ్మాలి? కొండ అంచులు, వాగులు, చెరువు కట్టలు. చెరువు నీలం రంగులో నిండుగా కనిపించినా ఫిబ్రవరికి నీళ్లు లోపలికి వెళ్లిపోయి మైదానంలా ఉంటుంది. కట్ట మాత్రం ఎక్కడికీ పోదు, వందల ఏళ్ల నుంచీ అక్కడే ఉంటుంది. బండ్ల బాటల్ని నమ్మొద్దు, దున్నేసి ఉంటారు, లేదా వెంచరు ప్రహరీ అడ్డొస్తుంది.

రాత్రి సాధనకి రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాం, రెండూ ప్రాణానికి సంబంధించినవే. అడవి పందుల కోసం పొలాల చుట్టూ కరెంటు తీగలు కడతారు. చట్టవిరుద్ధమే, అయినా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. రెండోది, గోడ లేని పాత వ్యవసాయ బావులు. తల లైటు వెలుగులో బావి నోరు నల్లటి నీడలా కనిపిస్తుంది, గడ్డి కప్పితే అదీ కనిపించదు. కాబట్టి చీకటి పడ్డాక పొలాలకి అడ్డంగా బేరింగు పట్టి నడవడం నిషేధం. బాట, కట్ట, వాగు ఒడ్డు, అంతే. రిజర్వు ఫారెస్టులోకి రాత్రి వెళ్లకూడదు. పగటికి అటవీ శాఖ అనుమతి, రాత్రి సాధనకి ఊరి ఉమ్మడి భూముల్లో సర్పంచి గారికి చెప్పి వెళ్లడం.

నిలబడి మ్యాపు చూసే అలవాటు ఇలా తగ్గింది: నావిగేటర్ నడుస్తూనే రాబోయే మూడు గుర్తులు పైకి చెప్పాలి. "ఎడమన వాగు, నాలుగు వందలు, తర్వాత కట్ట." వెనక ఉన్న ముగ్గురూ వాటి కోసం చూస్తారు. కనిపించగానే ఒకరు చెప్తారు. మూడో వారాంతానికి ఇలాంటి దూరంలోనే మ్యాపు కోసం ఆగింది 11 నిమిషాలు.

వారం 4. లాగే తాడు

నలుగురి వేగం ఒకటి చేసే పరికరం ఇదొక్కటే. బజార్లో మనకి దొరకదు, చేసుకోవాలి.

మొదటి నమూనా: 6 మి.మీ. బంజీ (సాగే) తాడు 2 మీటర్లు, ముందు సైకిలు సీట్ పోస్టుకి (సీటు కింది గొట్టానికి) ముడి, వెనక సైకిలు హ్యాండిల్‌కి కొక్కెం. హ్యాండిల్ పక్కకి తగిలించడం వల్ల లాగినప్పుడల్లా సైకిలు అటే తిరిగింది. రెండో నమూనాలో కొక్కేన్ని మధ్యలో, స్టెమ్‌కి (హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముక్కకి) మార్చాం. సూటిగా లాగింది. కానీ వెనకవాళ్లు దగ్గరికి రాగానే తాడు సడలి కిందికి జారి, ముందు సైకిలు క్యాసెట్‌లో (వెనక చక్రం పళ్ల చక్రాల్లో) చుట్టుకుపోయింది. విప్పడానికి చక్రం తీయాల్సి వచ్చింది. మూడో నమూనా: ఎలక్ట్రికల్ షాపులో దొరికే పీవీసీ పైపు 60 సెం.మీ., సీట్ పోస్టుకి రెండు క్లాంపులతో వెనక్కి కాస్త పైకి వంచి బిగించాం. బంజీ దాని లోపలి నుంచి వస్తుంది. సడలినా టైరు పైనే వేలాడుతుంది. ఇదే ఖాయం.

4 కి.మీ. కొద్దిపాటి ఎత్తు మీద కొలత: నెమ్మదిగా తొక్కే మనిషికి ఒంటరిగా 19 నిమిషాల 10 సెకన్లు, తాడుతో 16.30. బలమైన మనిషి ఒంటరిగా వెళ్తే 14. నలుగురిలో చివరి టైమే టీం టైం కాబట్టి ఒక్క ఎత్తులో మిగిలింది 2 నిమిషాల 40 సెకన్లు.

వాడే పద్ధతి: చదును మీద, ఎత్తు మీద మాత్రమే. దిగువకి వచ్చేముందు కొక్కెం విప్పాలి. ముందువాళ్లు బ్రేకు వేసేముందు అరవాలి. వెనకవాళ్లు చేతులు బ్రేకు మీదే ఉంచాలి కానీ అనవసరంగా నొక్కకూడదు. తాడు తగిలించి ఉంటే వెనకవాళ్లు తొక్కడం ఆపకూడదు.

నడకకి 4 మి.మీ. బంజీ, మీటరున్నర, ముందువాళ్ల బ్యాగు అడుగు లూపు నుంచి వెనకవాళ్ల నడుము పట్టీకి. అలిసిపోయాక తగిలిస్తే ఆలస్యమైనట్టే. ఎత్తు మొదట్లోనే తగిలించాలి. తాడు పట్టుకోవడాన్ని చిన్నతనంగా తీసుకునే మనస్తత్వం ఉన్నంతవరకూ టీం నెమ్మదిగానే పోతుంది. అందుకే సాధనలో నలుగురూ వంతులవారీగా లాగించుకోవాలి, బలమైనవాళ్లతో సహా.

వారం 5. టైర్లు

తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు. పల్లేరు కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. ట్యూబు టైర్లతో ఒకే రోజు నాలుగు పంక్చర్లు. 29 అంగుళాల, 2.2 వెడల్పు టైర్లని ట్యూబ్‌లెస్‌కి మార్చి ఒక్కోదానిలో 100 మి.లీ. సీలెంట్ (రంధ్రం మూసే ద్రవం) పోశాం. ముల్లు దిగితే వెంటనే పీకకూడదు, చక్రం తిప్పి ముల్లు ఉన్నచోటు కిందికి తెచ్చి అప్పుడు పీకితే సీలెంట్ అక్కడికి చేరి మూసేస్తుంది. ఎండలకి సీలెంట్ ఎండిపోతుంది, రేసుకి వారం ముందు మళ్లీ 40 మి.లీ. పోయాలి. టీంకి కలిపి: ట్యూబులు 2, ప్లగ్గులు 6, చైను క్విక్ లింకులు 2, ప్రతి సైకిలుకీ దాని మోడలుకి సరిపోయే డీరైలర్ హ్యాంగరు (గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) ఒక్కొక్కటి. హ్యాంగరు ఒకదానిది ఇంకోదానికి పట్టదు, ఇది షాపులో కాదు, అడవిలో తెలిస్తే కష్టం.

వారం 6, 7. కయాక్, కోట్‌పల్లి

రెండు పడవలు, ఒక్కోదానిలో ఇద్దరు. పైన కూర్చునే రకం. మొదటి రోజు పడవలు పాములా వంకర్లు పోయాయి. కారణం తెడ్లు కలవకపోవడం. ముందు కూర్చున్న మనిషికి వెనక ఏం జరుగుతోందో కనపడదు, కాబట్టి లయ ముందువాళ్లది, దాన్ని చూసి కలపాల్సింది వెనకవాళ్లు. బరువైన, బలమైన మనిషి వెనక. దిశ సరిచేసేది కూడా వెనకవాళ్లే. నిమిషానికి 50 తెడ్లు పెట్టుకున్నాం, అంతకంటే పెంచితే నీళ్లు చిలకడం తప్ప వేగం రాలేదు. చేతుల్తో లాగితే అరగంటలో భుజం పడిపోతుంది. నడుము తిప్పి, తెడ్డుని కాలి దగ్గర నీళ్లలో దించి, తుంటి దగ్గరికి రాగానే బయటికి తీసేయాలి.

పొద్దెక్కాక తూర్పు గాలి లేచింది. పక్కనుంచి గాలి కొడితే పడవ ముక్కు గాలి వైపే తిరుగుతుంది. ముందువైపు బరువుంటే ఇంకా ఎక్కువ. 5 లీటర్ల నీళ్ల సంచి ముందు నుంచి వెనక్కి మార్చగానే పడవ మాట విన్నది. నడినీళ్లలో సూటిగా పోవడం కంటే గాలి తగలని ఒడ్డు వెంట 300 మీటర్లు చుట్టు తిరగడమే త్వరగా అయింది.

లైఫ్ జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు. వస్తే పట్టీలు బిగించాలి. ఈత వచ్చినా రాకపోయినా ఇది తప్పదు. పడవ తిరగబడితే ఎక్కే సాధన పదిసార్లు: ఇద్దరూ ఒకే పక్కనుంచి ఎక్కితే మళ్లీ తిరగబడుతుంది. ఒకరు అవతలి పక్క పట్టుకుని వేలాడాలి, ఇంకొకరు పొట్ట మీదుగా ఎక్కాలి.

సైకిలు దిగి నేరుగా పడవెక్కితే తొడ వెనక కండరం పట్టేస్తోంది. కూర్చునే చోట 3 సెం.మీ. ఫోమ్ ముక్క పెడితే మోకాలు కాస్త వంగి ఆ బాధ తగ్గింది. ఫోమ్‌ని పడవకి కట్టేయాలి, లేకపోతే మొదటి బోల్తాలోనే పోతుంది.

వారం 8. భువనగిరి గుట్ట

2014లో ఎవరెస్టు ఎక్కిన పూర్ణ, ఆనంద్ మొదట సాధన చేసింది ఈ ఏకశిల మీదే. రేసులో తాళ్లు నిర్వాహకులే కడతారు, మనకి కావాల్సింది తడబడకుండా దిగడం. శిక్షకుడి పర్యవేక్షణ లేకుండా ఈ భాగం చేయొద్దు.

హార్నెస్ (నడుముకి, తొడలకి కట్టే పట్టీలు) బకిల్, లాక్ కారబైనరు (తాళం పడే కొక్కెం), ఫిగర్ ఆఫ్ ఎయిట్‌లో (దిగేటప్పుడు తాడుని నిదానించే 8 ఆకారపు పరికరం) తాడు, హెల్మెట్ పట్టీ: ఈ నాలుగూ పక్క మనిషి తాకి చెప్పాలి. కళ్లతో చూస్తే చాలదు, రాత్రి పూట అసలే చాలదు. జుట్టు, చున్నీ, వదులు టీషర్టు కొస పరికరంలో ఇరుక్కుంటాయి, ముందే లోపలికి దోపుకోవాలి. బ్యాకప్‌గా 6 మి.మీ. కార్డుతో (సన్న తాడుతో) ప్రూసిక్, అంటే బరువు పడగానే పెద్ద తాడు మీద బిగుసుకునే ముడి, మూడు చుట్లు. రెండే చుట్లు వేస్తే 10.5 మి.మీ. తాడు మీద జారింది. ప్రూసిక్ కార్డు దిగే పరికరాన్ని తాకేంత పొడవుంటే పట్టదు, కురచ చేశాం.

వారం 9. తిండి, నీళ్లు

గంటకి మనిషికి 220 కేలరీల లెక్క. 24 గంటలకి 5,280. ఖర్చయ్యేది అంతకంటే చాలా ఎక్కువ, కానీ కదులుతూ పొట్ట తీసుకునేది ఇంతే.

పల్లీ చిక్కీ 40 గ్రాములు దాదాపు 200 కేలరీలు. బొటనవేలంత ముక్కలుగా ముందే విరిచి పెట్టాలి, సైకిలు మీద కొరకలేం. ఖర్జూరాలు గింజ తీసి. పదో గంటకి తీపి చూస్తేనే వాంతి వచ్చేలా ఉంటుంది, అప్పటికి ఉప్పూ పులుపూ కావాలి. చింతపండు పులిహోర 150 గ్రాములు జిప్ కవర్లో, మూల కత్తిరించి నోట్లోకి నొక్కుకునేలా. ఇంట్లో చేసే పులిహోర ఇక్కడ కుదరలేదు: పల్లీలు, శనగపప్పు ఆయాసంలో గొంతుకి అడ్డం పడ్డాయి. అన్నం కాస్త మెత్తగా వండి, పప్పులు, ఎండుమిర్చి లేకుండా, నూనె, ఉప్పు కొంచెం ఎక్కువ వేసి చేశాం. పులుపు వల్ల ఒక రోజు నిలిచింది. పెరుగన్నం మధ్యాహ్నానికే పులిసి పొంగింది, రేసుకి వద్దు. జంతికలు బాగున్నాయి, కానీ పొడైపోతాయి, గట్టి డబ్బా కావాలి. రాత్రి రెండింటికి చిక్కటి కాఫీ డికాషన్ 60 మి.లీ. చిన్న సీసాలో.

నీళ్లు గంటకి 600 మి.లీ. చుట్టూ, ఎండ బట్టి. ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వేళ్ల వాపు, మాట తడబాటు దాని గుర్తులు, ఆ స్థితిలో ఇంకా నీళ్లు తాగించడం ప్రమాదం. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరుకి ఒకటి. అర లీటరు సీసాలో పూర్తి ప్యాకెట్ కలిపి తాగితే కడుపు తిప్పింది. టెట్రా ప్యాకులో వచ్చే తీపి డ్రింకులు ఓఆర్‌ఎస్ కావు, పొరపడొద్దు.

దారిలో నీళ్లు పట్టేది బోరు మోటారు, చేతిపంపు దగ్గరే. క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాలి. పత్తి చేల పక్క కాలువ నీళ్లు ఎంత తేటగా ఉన్నా వద్దు. క్లోరిన్ క్రిముల్ని చంపుతుంది కానీ పురుగుమందుని ఏమీ చేయదు.

వారం 10. పాదాలు

ఎర్రమట్టి గరుకు రవ్వ మడమ దగ్గర నుంచి షూలోకి చేరి ఇసుక కాగితంలా పనిచేస్తుంది. పాత సాక్సు పైభాగం కత్తిరించి గెయిటర్‌గా (షూ నోరు కప్పే తొడుగు) కుట్టించాం, పనిచేసింది. కయాక్ దిగాక తడి కాళ్లతో నడవడం మొదలుపెడితే గంటలో చర్మం ముడతలు పడి బొబ్బలు లేస్తాయి. పలుచటి తుండు, పొడి సాక్సు, వేళ్ల మధ్య వాజలిన్: మనిషికి 4 నిమిషాలు. పద్దులో మేం తగ్గించకూడదని నిర్ణయించిన ఖర్చు ఇదొక్కటే.

జింక్ ఆక్సైడ్ టేపు రేసు ముందు రాత్రే వేయాలి. మెడికల్ షాపులో దొరికే టింక్చర్ బెంజాయిన్ రాసి, అది జిగురెక్కాక టేపు అంటించి, మూలలు గుండ్రంగా కత్తిరిస్తే తడిలోనూ ఊడలేదు. పాదంలో ఎక్కడైనా వేడిగా అనిపిస్తే ఆ నిమిషమే చెప్పాలి. టీంని ఆపడం ఎందుకని ఊరుకున్న మనిషి మూడు గంటల తర్వాత అందరినీ నడకకి దించేస్తారు.

వారం 11. ట్రాన్సిషన్

మొదటి వారం ఒక్కోదానికి 20 నిమిషాలు. ఇప్పుడు 8, 9.

మార్చినవి: మనిషికి ఒక 50 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా. లోపల విభాగానికో రంగు గుడ్డ సంచి. నావిగేటర్‌కి సామాను పని ఉండదు, రాగానే కూర్చుని తర్వాతి మ్యాపు మీద గీతలు గీయాలి, వాళ్ల సీసాలు, సంచి ఇంకొకరు చూస్తారు. ఒకరు అందరి నీళ్లూ నింపుతారు. ఇంకొకరు చెక్‌పాయింటు కార్డు చూపించి సంతకం చేయించి, సైకిళ్లు వరసగా పెడతారు. నాలుగో మనిషి తప్పనిసరి సామాను చీటీ పైకి చదువుతారు, మిగతావాళ్లు వస్తువుని చేత్తో పట్టుకుని "ఉంది" అనాలి. నావిగేటర్ తప్ప ఎవరూ కూర్చోకూడదు. కూర్చుంటే ఐదు నిమిషాలు ఎలా పోయాయో తెలియదు.

వారం 12. 18 గంటల రిహార్సల్

ఆగింది 160 నిమిషాలు. ట్రాన్సిషన్లు ఐదింటికి 46, మ్యాపు 31, పాదాలు 28, రిపేర్లు 22, తిండి, నీళ్లు 19, ఇతరాలు 14. మొదటి వారం మొత్తం సమయంలో 27 శాతం నిలబడ్డాం, ఇప్పుడు 15 శాతం లోపు.

కానీ పద్దులో ఒక లోపం బయటపడింది. తెల్లవారుజామున 3.40కి పక్కపక్కనే సాగే రెండు వాగుల్లో తప్పు వాగు వెంట బాట పట్టాం. 25 నిమిషాలు పోయాయి, కదులుతూనే ఉన్నాం కాబట్టి పద్దులో ఎక్కడా కనపడలేదు. వెనక్కి లెక్కేస్తే కారణం తేలింది: అడుగులు లెక్కపెట్టే మనిషి పులిహోర తింటూ లెక్క వదిలేశారు, ఎవరికీ అప్పగించలేదు. మేం పట్టాల్సిన వాగు ఉత్తరానికి పోవాలి, పట్టింది ఈశాన్యానికి పోయింది. కంపాస్‌ని ఒక్కసారి వాగు వెంట పెట్టి చూసినా పట్టుబడేది. "తప్పుదారి" అని కొత్త గడి చేర్చాం. తినేముందు పూసల తాడు పక్క మనిషి చేతిలో పెట్టి అంకె చెప్పాలి. ప్రతి వాగు, బాట మలుపులో నావిగేటర్ కాని ఇంకొకరు కూడా కంపాస్ పెట్టి దిశ చూడాలి. మూడు నుంచి ఐదు మధ్య ప్రతి గంటకీ నావిగేటర్ మారాలి.

రేసుకి ముందు మిగిలినవి: సీలెంట్ టాప్అప్. రెండో సైకిలు హ్యాంగరు బోల్టు వదులవుతోంది, థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) వేయాలి. ప్రూసిక్ కార్డుల్లో ఒకటి మెత్తబడి మెరుస్తోంది, మార్చాలి. తల లైట్లకి 18650 సెల్స్ (రీఛార్జి బ్యాటరీలు) మనిషికి మూడు, ఛార్జి చేసి తెస్తే చాలదు, ఒక రాత్రంతా వెలిగించి ఎంతసేపు నిలిచాయో సెల్ మీదే మార్కరుతో రాసి తేవాలి.